నలభై మొక్కల కోసం నూట యాభై కొమ్మలు: పూలపొదల ప్రాజెక్టు డైరీ

హైదరాబాద్ శివారులోని మా ఇంటి ప్రహరీ పొడవు 24 మీటర్లు. దాని వెంట 60 సెంటీమీటర్లకు ఒక పూలమొక్క చొప్పున నాటాలంటే 40 మొక్కలు కావాలి. వాటన్నిటినీ కొమ్మ ముక్కల నుంచే తయారు చేసుకోవాలనుకుని, అవసరాన్ని ఇలా పంచాను: మందార 12, నూరువరహాలు 12, నందివర్ధనం 8, కాగితం పూలు 8. ఎర్ర గన్నేరు సులువుగా వేళ్ళు పట్టే మొక్కే అయినా, దానిలో ప్రతి భాగమూ విషమే. మా గేటు ముందు మేకలు తిరుగుతాయి కాబట్టి దాన్ని జాబితాలో చేర్చలేదు.

ఏప్రిల్ నుంచి నవంబరు వరకు మూడు విడతలుగా చేసిన పనిని ఇక్కడ రాస్తున్నాను. మొదటి విడత దాదాపు పూర్తిగా పోయింది. రెండో విడత సగం పోయింది. ఎందుకు పోయాయో తెలుసుకోవడానికి చచ్చిన ప్రతి ముక్కనూ పీకి, అడుగుభాగం చూసి లెక్క రాసుకున్నాను. ఈ పనికి పూనుకునేవారికి నా మొక్కల ఫొటోల కంటే ఆ లెక్కలే ఎక్కువ ఉపయోగపడతాయని నా నమ్మకం.

మొదటి విడత: 2024 ఏప్రిల్ 6, 48 ముక్కలు

నాలుగు రకాల నుంచి తలా 12 ముక్కలు తీసుకున్నాను. పొడవు 20 సెంటీమీటర్లు, మందం ఇంచుమించు పెన్సిలంత. మేడ మీద గది కట్టినప్పుడు మిగిలిన రోబో ఇసుక ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు కలిపి పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసుల్లో నింపాను. వేరు కనబడగానే తెలుస్తుందన్నది పారదర్శకమైన గ్లాసులు వాడటంలో ఉద్దేశం. అడుగున ఒక్కొక్క రంధ్రం పెట్టి, అన్నిటినీ కలిపి పాలిథిన్ గుడారం కింద మేడ మీదే ఉంచాను. పొద్దున, సాయంత్రం నీళ్ళు పోశాను.

పన్నెండో రోజుకు 21 ముక్కల మీద చిగుళ్ళు కనబడ్డాయి, వాటిని విజయాల ఖాతాలో రాసుకున్నాను. ఈ డైరీలో నేను చేసిన మొదటి తప్పుడు నమోదు అదే. కొమ్మలో నిలవ ఉన్న పిండిపదార్థంతోనే చిగురు వస్తుంది, దానికి వేరు అక్కర్లేదు. మూడో వారంలో ఆ నిలవ తరిగి, ఆకులకు కావలసిన నీరు కింద నుంచి అందక, 21 చిగుళ్ళలో చాలావరకు ఒకదాని వెంట ఒకటి తల వాల్చాయి. ఆ తరువాత చిగురును లెక్కలోకి తీసుకోవడం మానేశాను. గ్లాసు గోడకు తెల్లటి వేరు కనబడినప్పుడు, లేదా ముక్కను రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా పైకి లాగితే అది బిగిసి ఉన్నప్పుడు మాత్రమే వేరు పట్టినట్టు రాశాను.

35వ రోజున, మే 11న, అన్నిటినీ పీకి చూశాను. వేళ్ళు పట్టినవి ఏడు: నందివర్ధనం 4, మందార 2, కాగితం పూలు 1. నూరువరహాల్లో ఒక్కటీ లేదు. పోయిన 41 ముక్కల లెక్క ఇది:

1. అడుగు నల్లబడి కుళ్ళినవి 29.
2. పై నుంచి ఎండుకొచ్చినవి 9.
3. తలకిందులుగా నాటినవి 3.

మూడో వరుస రాయడానికి సిగ్గుగానే ఉంది. కాగితం పూల కొమ్మకు ఆకులన్నీ దూసేశాక ఏది పైనో ఏది కిందో తెలియలేదు. కొమ్మలో వేరు పుట్టించే హార్మోను పై నుంచి కిందికే ప్రవహిస్తుంది కనుక, కొమ్మ తన అసలు అడుగు కొననే అడుగుగా గుర్తుపెట్టుకుంటుంది. మనం తిప్పి నాటినంత మాత్రాన అది మారదు. అప్పటి నుంచి కింద కోత కణుపుకు అర సెంటీమీటరు దిగువన ఏటవాలుగా, పై కోత అడ్డంగా ఇస్తున్నాను. కోయగానే ఆ తేడా పెడితే తరువాత వెతుక్కునే పని ఉండదు.

కుళ్ళిన 29 గురించి కొంత వివరంగా చెప్పాలి. ఒక మందార ముక్కను లాగితే బెరడు మట్టిలోనే గొట్టంలా ఉండిపోయి, లోపలి పుల్ల మాత్రం తెల్లగా, నున్నగా జారి చేతికొచ్చింది. మురుగు కాలువ వాసన వేసింది. రోబో ఇసుకలో రాతిపొడి ఉంటుంది. ఎర్రమట్టితో కలిసి, రెండు పూటలా తడిసి, అది సున్నం గచ్చులా గట్టిపడింది. గ్లాసును అడ్డంగా కోసి చూస్తే ఆ ముద్దలో గాలి దూరే సందు ఎక్కడా లేదు. వేరు పుట్టాలంటే కోత దగ్గర నీటితో పాటు ప్రాణవాయువు కూడా ఉండాలి. నేను నీటిని మాత్రమే ఇచ్చాను.

ఎండిపోయిన తొమ్మిదింటికి కారణం వేడి. మధ్యాహ్నం బయట 39 డిగ్రీలు ఉన్నప్పుడు గుడారం లోపల థర్మామీటరు 46 చూపించింది. దగ్గర్లో ఎక్కడా చెట్టు నీడ లేని మేడ మీద ఏప్రిల్ నెలలో పాలిథిన్ కప్పడమంటే కొమ్మలను ఆవిరి మీద ఉడకబెట్టడమే.

బతికిన ఏడింటిని సంచుల్లోకి మార్చేటప్పుడు మట్టి దులిపాను. కాగితం పూల వేళ్ళు ఎండు సేమ్యాలా పుటుక్కున తెగాయి. అదీ, ఒక మందార, ఒక నందివర్ధనం వారంలోపే పోయాయి.

*ఇప్పటివరకు: నాటినవి 48, వేళ్ళు పట్టినవి 7, నిలిచినవి 4. ఖర్చు: సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) 380, తేమ కూడా చూపే థర్మామీటరు 350, గ్లాసులు 50, మొత్తం 780 రూపాయలు.*

రెండో విడత: జూన్ 22, 48 ముక్కలు

వానలు మొదలయ్యే వరకు ఆగాను. మార్చినవి నాలుగు: మట్టి మిశ్రమం, నీరు, చోటు, కొమ్మ వయసు.

మిశ్రమంలో మట్టిని పూర్తిగా తీసేశాను. కొబ్బరి పొట్టు ఒక పాలు, దోమతెర మీద జల్లించి కడిగిన నది ఇసుక ఒక పాలు. కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టి పిండిన మొదటి నీటిలో టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) 1,850 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1,850 పాళ్ళు) చూపించింది, అంటే అందులో ఉప్పు అంత ఉందన్నమాట. మా బోరు నీటి టీడీఎస్ 940. ఆ నీటితో ఎన్నిసార్లు కడిగినా అంతకంటే కిందికి దిగదు కాబట్టి, కప్పు మీద నుంచి డ్రమ్ములోకి పట్టిన వాన నీటితో నాలుగుసార్లు కడిగాను. చివరికి 310 దగ్గర ఆగింది. ముక్కలకు పోయడానికి కూడా వాన నీరే వాడాను. బోరు నీటి ప్రభావం ఎక్కువగా తగిలేది నూరువరహాల మీద. అది ఆమ్లగుణం ఉన్న నేలను కోరే మొక్క. సున్నం ఎక్కువగా ఉన్న నీరు పోస్తే ఇనుము అందక, ఈనెలు పచ్చగా ఉంటూ వాటి మధ్య భాగం పసుపుపచ్చగా మారుతుంది.

చోటును ఉత్తరపు వసారాకు మార్చి, 50 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టాను. మధ్యాహ్నం గుడారంలో ఉష్ణోగ్రత 29 నుంచి 33 డిగ్రీల మధ్య నిలిచింది.

కొమ్మ విషయంలో కాగితం పూలకు మాత్రమే ముదురు కొమ్మ ఉంచి, మిగిలిన మూడింటికి అర ముదురు కొమ్మలను ఎంచాను. వంచితే లేత కొమ్మ వంగి మళ్ళీ నిలుస్తుంది, బాగా ముదిరినది వంగదు. ఈ రెంటికీ మధ్యలో ఉన్నది అర ముదురు. కోసిన పద్ధతి ఇది:

1. ఉదయం ఏడు లోపల కోసి, తడిగుడ్డలో చుట్టి, గంటలోపే నాటడం.
2. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్ళే ముందు సికేచర్‌ను స్పిరిట్‌తో తుడవడం.
3. మూడు నాలుగు కణుపులు, 12 నుంచి 15 సెంటీమీటర్ల పొడవు. మొగ్గలను గిల్లేయడం.
4. పైన రెండు ఆకులు ఉంచి, వాటిని అడ్డంగా సగానికి కత్తిరించడం. కాగితం పూలకు ఆకులు అసలు ఉంచకపోవడం.
5. నందివర్ధనం కోతల నుంచి కారే పాలను నీటిలో కడిగి, తుడిచి నాటడం.

మందార కొమ్మలు పక్కింటి అక్కయ్య పెరట్లోవి. వాటిలో రెండింటి కణుపుల్లో పిండినల్లి దాక్కుని ఉండటం నేను చూడలేదు. వెచ్చగా, తేమగా, గాలి ఆడకుండా ఉన్న గుడారం దానికి పుట్టింటిలా కుదిరింది. పదో రోజుకు ఆరు గ్లాసులకు పాకింది. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో ఒక్కొక్క కణుపూ తుడవడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. ఇప్పుడు మందార కొమ్మను ముందుగా సబ్బునీటిలో ముంచి, కణుపులను వేలితో రుద్దాకనే లోపలికి తెస్తున్నాను.

ఈ విడతలో అన్నిటికీ వేరు హార్మోను పొడి అద్దాను. అది రెండేళ్ళుగా వంటింటి కిటికీలో వేడికి, వెలుతురుకు పడి ఉన్న డబ్బా. కాబట్టి హార్మోను ప్రభావం గురించి ఈ విడత నుంచి నేను ఏ నిర్ణయానికీ రాలేను.

40వ రోజుకు, ఆగస్టు 1న, వేళ్ళు పట్టినవి 23: నందివర్ధనం 10, మందార 7, కాగితం పూలు 4, నూరువరహాలు 2. పోయిన 25లో అడుగు కుళ్ళినవి 14, కోత దగ్గర తెల్లటి బొడిపె కట్టి వేరు మాత్రం రానివి 7, ఎండినవి 4. బొడిపె కట్టడం వేరు రావడానికి తొలిమెట్టు అని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. ఆ రెండూ వేరువేరు పనులు. గాయం మానినంత మాత్రాన వేరు పుట్టనక్కర్లేదు.

మిశ్రమం అంత తేలికగా ఉన్నా 14 ముక్కలు ఎందుకు కుళ్ళాయన్నది రెండు రోజుల పాటు అర్థం కాలేదు. గ్లాసుల ఎత్తు 9 సెంటీమీటర్లు. కొన్ని ముక్కలను 7 సెంటీమీటర్ల లోతుకు, కొన్నిటిని 4, 5 సెంటీమీటర్ల లోతుకు గుచ్చాను. కావాలని అలా చేయలేదు, చేతికి ఎలా వస్తే అలా గుచ్చాను. కుళ్ళిన 14లో 11 ముక్కలు లోతుగా దిగినవే. ఖాళీ గ్లాసులో అదే మిశ్రమాన్ని నింపి, రంగు కలిపిన నీరు పోసి, కారడం ఆగాక వెలుతురుకు పట్టి చూశాను. అడుగున రెండున్నర సెంటీమీటర్ల మేర రంగు ముదురుగా నిలిచిపోయింది. కింద రంధ్రం ఉన్నా ఆ నీరు దిగదు. మిశ్రమంలోని సన్నని సందులు దాన్ని స్పాంజిలా పట్టి ఉంచుతాయి. గ్లాసు పొట్టిదైనా పొడుగుదైనా ఆ తడిపట్టీ ఎత్తు మారదు, మిశ్రమం మారితేనే మారుతుంది. నా కోతలు సరిగ్గా ఆ పట్టీలో మునిగి ఉన్నాయి.

ఇది తెలిసిన సంతోషంలోనే ఇంకో పొరపాటు జరిగింది. ఆగస్టు 4న వాన ఆగి ఎండ కాసింది. మొక్కలకు గాలి తగలాలని గుడారాన్ని ఒక్కసారిగా పూర్తిగా తీసి ఆఫీసుకు వెళ్ళిపోయాను. అంతవరకు 90 శాతం తేమలో ఉన్న ఆకులు సాయంత్రానికి వేయించిన అప్పడాల్లా ముడుచుకున్నాయి. 8 మొక్కలు పోయాయి: మందార 3, నందివర్ధనం 2, కాగితం పూలు 2, నూరువరహాలు 1. నెలన్నర పని ఒక్క పూటలో పోయింది.

*ఇప్పటివరకు: నాటినవి 96, వేళ్ళు పట్టినవి 30, నిలిచినవి 19. అందులో నందివర్ధనం 11, మందార 5, కాగితం పూలు 2, నూరువరహాలు 1. ఖర్చు: కొబ్బరి పొట్టు 160, ఇసుక 120, షేడ్ నెట్ 240, మొత్తం 1,300 రూపాయలు.*

మధ్యలో: కడియం

ఆగస్టు మధ్యలో రాజమహేంద్రవరంలో పెళ్ళికి వెళ్ళి, ఒక పూట కడియం, కడియపులంక నర్సరీల వైపు తిరిగాను. ఒక నర్సరీలో నీడ కింద నూరువరహాల ముక్కలను వరుసగా గుచ్చుతున్న పెద్దావిడ పక్కన అరగంట కూర్చున్నాను. ఆమె ముందు పుల్లతో గుంట చేసి, అందులో కొమ్మను దించి, రెండు బొటనవేళ్ళతో చుట్టూ నొక్కుతోంది. కొమ్మ రెండు వేళ్ళ మందం కంటే లోతు దిగడం లేదు. నా 14 ముక్కల సంగతి చెబితే, చేతిలో పని ఆపకుండానే, "ఎండితే పైకి కనపడుద్దండీ, కుళ్ళితే లోపలే ఉంటదండీ. అందుకే మేం నీళ్ళు కొమ్మ మీద జల్లుతాం గానీ సంచిలో పొయ్యమండీ" అంది. రంగు నీళ్ళతో నేను రెండు రోజులు తంటాలు పడి కనుక్కున్న సంగతి ఆమెకు చేతి అలవాటులో ఉంది.

మూడో విడత: ఆగస్టు 24, 54 ముక్కలు

నందివర్ధనం సరిపడా ఉంది కనుక దాన్ని వదిలేశాను. మందార 12, నూరువరహాలు 24, కాగితం పూలు 18. మార్పులు:

1. ఇసుకలో సన్నపొడి పూర్తిగా పోయేలా జల్లెడ మార్చి, ఇసుక రెండు పాళ్ళు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలిపాను. రంగు నీటి పరీక్షలో అడుగు తడిపట్టీ ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గింది.
2. గ్లాసు అడుగున కాల్చిన మేకుతో అయిదు రంధ్రాలు పెట్టాను.
3. లోతు నాలుగు సెంటీమీటర్లకు మించకుండా, గుచ్చే పుల్ల మీద స్కెచ్ పెన్నుతో గీత గీశాను. ముందు పుల్లతో గుంట, ఆ తరువాతే కొమ్మ. నేరుగా గుచ్చితే అద్దిన పొడి అంతా పైనే రాలిపోతుంది.
4. గ్లాసుల చుట్టూ వార్తాపత్రిక చుట్టాను. వెలుతురు తగిలితే గ్లాసు గోడకు పాచి పట్టి వేరు కనబడదు.
5. నీళ్ళు పోయాలా వద్దా అన్నది వంటింటి కాటా మీద తేల్చాను. తడిపి, కారడం ఆగాక గ్లాసు బరువు 270 గ్రాములు. అది 245కు దిగితేనే నీళ్ళు. గుడారం మూసి ఉండగా ఆ 25 గ్రాములు తగ్గడానికి ఎనిమిది తొమ్మిది రోజులు పట్టింది. మొదటి విడతలో నేను రోజుకు రెండుసార్లు పోశాను.
6. గుడారం లోపలి గోడల మీద, ఆకుల మీద పొద్దున ఒకసారి స్ప్రే చేశాను. తేమ 85 శాతానికి తగ్గకుండా చూసుకున్నాను.

ఈసారి కొత్త హార్మోను పొడి కొన్నాను. అందులో ఇండోల్ బ్యూటిరిక్ ఆసిడ్ 0.3 శాతం, అంటే 3,000 పీపీఎం. ప్రతి రకంలో సగానికి అద్ది, సగాన్ని వట్టిగా వదిలి, గ్లాసు మీద గుర్తు పెట్టాను. పొడిని డబ్బాలోంచి చిన్న మూతలోకి తీసుకుని వాడి, మిగిలినది పారేశాను. తడి కొమ్మను డబ్బాలోనే ముంచితే ఒక కొమ్మ రోగం అన్నిటికీ అంటుతుంది.

మందారకు 18వ రోజున మొదటి వేరు కనబడింది. కాగితం తొలగించి చూస్తే ఇసుక రేణువుల మధ్య నుంచి దారంలాంటి తెల్లటి పోగు, కొసన లేత పసుపు. మరుసటి రోజుకు అది ఆరు మిల్లీమీటర్లు జరిగింది. నూరువరహాలు 30 రోజుల వరకు ఏ కదలికా చూపలేదు. ఆకులు మాత్రం రాలలేదు కాబట్టి ముట్టుకోలేదు. వాటిలో మొదటి వేరు 37వ రోజున వచ్చింది. మొదటి విడతను నేను 35వ రోజునే పీకి చూసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. అప్పటి నూరువరహాల్లో ఎన్ని కుళ్ళాయో తెలుసు గానీ, ఆ కొద్ది రోజులు ఆగి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తేల్చలేను.

55వ రోజుకు, అక్టోబరు 18న, లెక్క ఇది:

- మందార: పొడి అద్దినవాటిలో 6కు 5, అద్దనివాటిలో 6కు 5.
- నూరువరహాలు: అద్దినవాటిలో 12కు 8, అద్దనివాటిలో 12కు 3.
- కాగితం పూలు: అద్దినవాటిలో 9కి 6, అద్దనివాటిలో 9కి 3.

సంఖ్యలు చిన్నవి, ఇది ప్రయోగశాల పని కాదు. అయినా మళ్ళీ చేస్తే మందారకు పొడి కొనను, నూరువరహాలకు కొనకుండా ఉండను. పోయిన 24లో కుళ్ళినవి 6 మాత్రమే. బొడిపె కట్టి ఆగిపోయినవి 11, అందులో ఎక్కువ పొడి అద్దని నూరువరహాలు. ఆకు రాల్చి ఎండినవి 7.

బయటి గాలికి అలవాటు చేయడానికి ఈసారి పది రోజులు తీసుకున్నాను. మొదటి రెండు రోజులు సాయంత్రం గంటసేపు గుడారం ఒక అంచు ఎత్తడం, తరువాత మూడు రోజులు ఉదయం, సాయంత్రం రెండేసి గంటలు, ఆ పైన మూడు రోజులు రాత్రంతా తెరిచి పగలు మూయడం, చివరి రెండు రోజులు పూర్తిగా తెరిచి నీడలోనే ఉంచడం. సంచుల్లోకి మార్చేటప్పుడు మొక్కను లాగకుండా గ్లాసునే కత్తెరతో నిలువునా కోసి, ముద్ద విడిపోకుండా దించాను. 30లో 27 నిలిచాయి: నూరువరహాలు 10, మందార 9, కాగితం పూలు 8.

*మొత్తం: నాటినవి 150, వేళ్ళు పట్టినవి 60, నిలిచినవి 46. అందులో మందార 14, నందివర్ధనం 11, నూరువరహాలు 11, కాగితం పూలు 10. ఖర్చు: పొడి 110, సంచులు 90, మొత్తం 1,500 రూపాయలు. మొక్కకు సుమారు 33 రూపాయలు పడింది, నా ఆదివారాలు ఇందులో లేవు. డబ్బు ఆదా కోసమైతే ఈ పని పెట్టుకోవద్దు.*

నేలలోకి: నవంబరు 23

గోడ వెంట 30 సెంటీమీటర్ల లోతున గుంటలు తీసి, మాగిన పశువుల ఎరువు, ఎర్రమట్టి కలిపి నింపి 39 మొక్కలు నాటాను. నూరువరహాలకు ఒకటి తగ్గింది. గోడ మొదటి నుంచి 31వ గుంట ఖాళీ. మిగిలిన రెండు మందారలను పక్కింటి అక్కయ్యకు ఇచ్చాను, ఈసారి పిండినల్లి లేకుండా. గోడకు సిమెంటు పూత ఉన్న వైపు నాటిన మూడు నూరువరహాల కొత్త ఆకులు అప్పుడే పసుపు తిరుగుతున్నాయి. పూతలోంచి వచ్చే సున్నం వల్లనేమోనని అనుమానించి, వాటి చుట్టూ పది సెంటీమీటర్ల మట్టి తీసి కొబ్బరి పొట్టు వేసి, వాన నీటి డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా ఆ మూడింటికే కేటాయించాను. డ్రమ్ములో ఇంకా 60 లీటర్లు ఉన్నాయి.

31వ గుంట కోసం మళ్ళీ కొమ్మ కోయలేదు. తల్లి నూరువరహాల మొక్క కింది కొమ్మను వంచి, ఒక కణుపు దగ్గర బెరడు గీరి, నేలలో పాతి పైన ఇటుక పెట్టాను. నేల అంటు కట్టడం ఇదే మొదటిసారి. ఇటుక మీద తేదీ రాశాను.